రెండున్నర మిల్లీమీటర్ల వాన, కోటి రూపాయల చదువు

మా చిన్నాయన కూతురు మొన్న రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో ఒక ఫైలు పంపింది. కింద ఒక్క ముక్క: "అన్నా, చదివి చెప్పు. బాగాలేదన్నా ఏమీ అనుకోను." క్వాంటిటేటివ్ ఫైనాన్స్‌లో మాస్టర్స్ చేయడానికి అమెరికా యూనివర్సిటీలకు అప్లై చేస్తోంది. జనవరిలో గడువులు. ఆ ఫైలు ఎస్ఓపీ, అంటే నేనెవరు, ఈ చదువు ఎందుకు అని యూనివర్సిటీకి రాసుకునే వ్యాసం. ఇంగ్లిష్‌లో ఉన్న మొదటి వాక్యాన్ని తెలుగులో చెప్పుకుంటే ఇది: "చినుకు కోసం ఆకాశం వైపు చూసే అనంతపురం జిల్లాలో, కరువు ఒడిలో పెరిగిన నాకు చిన్నప్పటి నుంచి అంకెలంటే ప్రాణం."

నవ్వొచ్చింది. నవ్వాక సిగ్గేసింది. 2021 డిసెంబరులో నేను రాసుకున్న మొదటి వాక్యం అచ్చం ఇదే. 'ఒడి' బదులు 'నీడ' అని పెట్టాను, అంతే తేడా. ఆరు యూనివర్సిటీలకు పంపాను. ఫీజులకే యాభై వేలు దాటింది. ఆరూ వద్దన్నాయి. రెండేళ్ల తర్వాత మళ్లీ రాస్తే రెండు రమ్మన్నాయి. రమ్మన్న చోటికి నేను పోలేదు.

ఆమెకు ఫోన్లో చెప్పాల్సిన నాలుగు మాటలు రాయడం మొదలుపెడితే ఇంత పొడుగైంది. నేను చెప్పదలచింది ఒకటే. క్వాంటిటేటివ్ ఫైనాన్స్, పొట్టిగా క్వాంట్, రిస్కుకు ధర కట్టడం నేర్పే చదువు. దానికి అప్లై చేసే మనం మాత్రం సొంత రిస్కుకు ధర కట్టుకోం. ఎస్ఓపీలో కరువును కన్నీళ్లుగా రాస్తాం. బ్యాంకులో వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం చేస్తాం. ఈ రెండూ వేర్వేరు తప్పులని నేను అనుకోను.

ముందు ఈ చదువు ఏది కాదో చెప్పాలి. మా పక్క టీ అంగళ్ల దగ్గర ఫోన్లో బ్యాంక్ నిఫ్టీ ఆప్షన్లు, అంటే బ్యాంకు షేర్ల సూచీ పెరుగుతుందా తగ్గుతుందా అని కట్టే పందెం లాంటివి, కొనే కుర్రాళ్లున్నారు. క్వాంట్ అంటే అదే పనిని పెద్ద కంప్యూటర్ మీద చేయడమని వాళ్ల నమ్మకం. 2025 జూలైలో మన స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ, గణితం, కంప్యూటర్లతో ట్రేడింగ్ చేసే అమెరికా కంపెనీ జేన్ స్ట్రీట్ మీద మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి, అక్రమ లాభమంటూ 4,843 కోట్ల రూపాయలు కట్టించాక ఆ నమ్మకం ఇంకా ముదిరింది. తాము తప్పేమీ చేయలేదని ఆ కంపెనీ అంటోంది. మా అంగడి దగ్గర మాత్రం "చూసినావా, వేల కోట్లు!" అన్న మాటే మిగిలింది. అదే సెబీ 2024 సెప్టెంబరులో ఇంకో లెక్క చెప్పింది. మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓలో, అంటే ఫ్యూచర్లు, ఆప్షన్లలో ఆడిన మామూలు మనుషుల్లో నూటికి 93 మంది నష్టపోయారని. ఆ వార్త అంగడి దాకా రాలేదు.

క్వాంట్ ఉద్యోగమంటే ట్రేడింగ్ ఒక్కటే కాదు. ఒక బ్యాంకు తన రిస్కును లెక్కగట్టడానికి ఒక గణిత మోడల్ వాడుతుంది. దాన్ని తయారుచేసినవాళ్లు కాకుండా ఇంకొకరు దానిలో తప్పులు వెతకాలి. 2011లో అమెరికా ఫెడరల్ రిజర్వ్ ఈ విషయం మీద బ్యాంకులకు మార్గదర్శకాలు ఇచ్చాక ఈ తప్పులు వెతికే పనికి గిరాకీ పెరిగింది. మోడల్ వాలిడేషన్ అంటారు. బెంగళూరులో నేను చేసేది అదే. ఇంట్లో మాత్రం "బ్యాంకులో పని" అని చెప్పుకుంటారు. దాంతో మా ఊళ్లో ఇద్దరు ముగ్గురు నన్ను బంగారు లోను వడ్డీ తగ్గించమని కూడా అడిగారు.

కోర్సుల సంగతి చాలామందికి తెలిసిందే. అమెరికాలో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ 1994లో మొదలుపెట్టింది, 16 నెలలు. బర్క్‌లీ 2001లో, ఏడాది. న్యూయార్క్‌లో కొలంబియా, కోరాంట్, బరూక్. ఇవతల లండన్ ఇంపీరియల్, ఆక్స్‌ఫర్డ్, జ్యూరిక్. అడిగే గణితం అన్ని చోట్లా దాదాపు అదే: కాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు. దాంతోపాటు పైథాన్ గానీ సీ++ గానీ. జీఆర్ఈ ప్రవేశ పరీక్షలో లెక్కల భాగానికి 170కి 170 వచ్చిందని మా ఇంట్లో స్వీట్లు పంచారు. ఆ పోటీలో ఉన్న మనవాళ్లలో అదే స్కోరు ఎంతమందికి ఉంటుందో ఇంట్లోవాళ్లకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఈసీఈ చదివినవాళ్లకు ఇక్కడ ఒక మాట. జేఎన్‌టీయూలో మాకు ప్రాబబిలిటీ థియరీ అండ్ స్టొకాస్టిక్ ప్రాసెసెస్ అనే సబ్జెక్టుండేది. అందరూ పీటీఎస్పీ అనేవాళ్లు. బ్యాక్‌లాగులకు పుట్టిల్లు. పరీక్షకు ముందు రాత్రి ఐదు యూనిట్లలో మూడు చదివి, రెండు దేవుడికి వదిలేసేవాళ్లం. ఆప్షన్ల ధర కట్టే గణితం ఆ సబ్జెక్టుకు పక్కిల్లేనని పాసైన చాలా ఏళ్లకు తెలిసింది. మేం బట్టీ పట్టిన వైట్ నాయిస్‌నే, అంటే ఒక క్షణానికి ఇంకో క్షణంతో పొంతన లేని కుదుపులనే, క్షణం క్షణం కూడుకుంటూ పోతే బ్రౌనియన్ మోషన్ అనే దారీతెన్నూ లేని నడక వస్తుంది. 1900లో పారిస్‌లో బాషెలియె అనే ఆయన స్టాక్ ఎక్స్ఛేంజీ ధరలు అలాగే కదులుతాయని థీసిస్ రాశాడు. 1973లో బ్లాక్, షోల్స్, మెర్టన్ దాని మీద ఆప్షన్ ధర కట్టారు. మూడో యూనిట్ దేవుడికి వదలకపోయి ఉంటే నాకు ఒక ఏడాది మిగిలేది.

ఇక వాన సంగతికి వస్తాను. నాకు చెప్పాలని ఉన్నది అదే.

మా ఊరు వజ్రకరూరు పక్క. పదకొండెకరాల చేను. బోరు వేస్తే నీళ్లు పడలేదు. అంతా బుడ్డలే, అదే, వేరుశనగ. ఒకప్పుడు పంట పోతే బీమా కోసం అధికారులు వచ్చి కోత ప్రయోగాలు చేసి దిగుబడి చూసేవాళ్లు. తర్వాత వాతావరణ బీమా వచ్చింది. 2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో ఐసీఐసీఐ లాంబార్డ్ బీమా కంపెనీ, బేసిక్స్ అనే సూక్ష్మ రుణ సంస్థ కలిసి కొద్దిమంది వేరుశనగ, ఆముదం రైతులకు ప్రయోగంగా అమ్మిన వాన బీమా ఈ తరహాకు తొలి అడుగుల్లో ఒకటి. దానిలో ఎవరూ చేనుకు వచ్చి చూడరు. వాన కొలిచే గేజిలో ఎంత పడిందో చూస్తారు, అంతే.

ఆ తరహా కాంట్రాక్టును ఒకసారి విడదీసి చూడండి. పంట కాలాన్ని ముక్కలు చేస్తారు: విత్తే దశ, పూతా ఊడా దశ, కోత దశ. మొదటి రెండింటిలో వాన తగ్గితే డబ్బులిస్తారు, చివరిదానిలో వాన ఎక్కువైతే ఇస్తారు. ఉదాహరణకు ఒక దశలో 70 మి.మీ. కంటే ఎంత తగ్గితే అన్ని మిల్లీమీటర్లకు, ఒక్కోదానికి పది రూపాయలు అనుకోండి. గేజిలో 25 పడితే 45 తగ్గినట్టు, 450 రూపాయలు. ఇక మరీ అడుగుకు, 10 కంటే కిందికి పోతే, మొత్తం బీమా. షేరు ధర పడిపోతే డబ్బిచ్చేదాన్ని పుట్ ఆప్షన్ అంటారు. షేరు బదులు వాన పెట్టిన పుట్ ఇది. కోత దశలోది పెరిగితే డబ్బిచ్చే కాల్ ఆప్షన్. మా నాయన పదో తరగతి తప్పాడు. పుట్ కొన్నాడు, కాల్ కొన్నాడు, వాటికి ప్రీమియం కట్టాడు. ఆ పేర్లు ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఇంకో రకం షరతు ఉండేది, పొడి రోజుల లెక్క. వరుసగా ఇన్ని రోజులు వాన లేకపోతే ఇంత ఇస్తామని. మరి వాన లేని రోజంటే ఏది? మన వాతావరణ శాఖ లెక్కలో 2.5 మి.మీ. పడితేనే అది వాన రోజు. అంతకు తగ్గితే పడనట్టే.

ఒక ఏడాది ఊడలు దిగే సమయంలో వాన మొహం చాటేసింది. నాయన రోజులు లెక్కపెడుతున్నాడు. పద్దెనిమిది అయ్యాయి. ఇంకో మూడు రోజులు గడిస్తే బీమా వస్తుంది, పంట మాత్రం పోతుంది. ఆ మూడు రోజులు వాన రావాలని కోరుకోవాలో, రాకూడదని కోరుకోవాలో తెలియని మనిషిని నేను మా ఇంట్లోనే చూశాను. పంతొమ్మిదో రోజు సాయంత్రం మండల కేంద్రంలో ఒక జల్లు పడింది. గేజిలో 3 మి.మీ. మా చేలో దుమ్ము కూడా అణగలేదు. లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు. నాయన గోడ మీది క్యాలెండర్లో ఆ తేదీ గడిలో పెన్నుతో రాశాడు: "ఆడ 3, ఈడ 0."

ఆ తేడా పేరు బేసిస్ రిస్క్. బీమా కొన్నది ఒకదాని మీద, నష్టం వచ్చేది ఇంకోదానికి. పెద్దపెద్ద వాళ్లు కూలిందీ ఇలాంటి సందుల్లోనే. షోల్స్, మెర్టన్‌లకు 1997లో నోబెల్ వచ్చింది. మరుసటి ఏడాదే వాళ్లు భాగస్వాములుగా ఉన్న ఎల్‌టీసీఎం అనే ఫండ్ మునిగింది. దగ్గరకు వస్తాయని వాళ్లు పందెం కట్టిన ధరలు ఇంకా దూరం పోయాయి. దాన్ని ఆదుకోవడానికి 14 సంస్థలు కలిసి 3.6 బిలియన్ డాలర్లు పోయాల్సి వచ్చింది. సూత్రం తెలియక కాదు. ఆడ 3, ఈడ 0.

నా మొదటి ఎస్ఓపీలో ఇదంతా లేదు. కరువు ఉంది, నాయన చేతుల మీది కాయలున్నాయి, అమ్మ తాకట్టు పెట్టిన గాజులున్నాయి. అవన్నీ నిజమే. కానీ పిట్స్‌బర్గ్‌లో కూర్చుని వందల అప్లికేషన్లు చదివే మనిషి ఆ గాజులతో ఏం చేస్తాడు? జాలి పడతాడు. జాలి పడి సీటు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. ఆయన వెతికేది ఒక్కటే: ఈ పిల్లవాడు ఒక అనిశ్చితిని చూసి దాన్ని విడదీయగలడా? ఆ పని మా ఇంట్లో ఏడాదికి ఆరు నెలలు జరుగుతుంటే, నేను గాజుల గురించి రాశాను.

కొంత తప్పు కన్సల్టెన్సీది. పేరు ఎందుకులే. "అంకెలంటే ప్రాణం" అన్న వాక్యం అక్కడి నమూనా కాగితంలోదే. నా తర్వాత వరసలో కూర్చున్న కుర్రాడు సివిల్ ఇంజనీరింగ్‌కు అప్లై చేస్తున్నాడు. అతనికి "చిన్నప్పటి నుంచి వంతెనలంటే ప్రాణం" అని ఉంది. సిఫారసు ఉత్తరాలది ఇంకో తమాషా. "నువ్వే రాసుకురా నాయనా, సంతకం పెడతా" అన్నారు మా సార్ ఒకరు, ప్రేమగానే. రాసుకుపోయాను. తీరా అప్లికేషన్ పోర్టల్ ఆయన కాలేజీ మెయిల్ ఐడీ అడిగింది. ఆయనకు అలాంటిది లేదు. పదిహేడేళ్ల సర్వీసులో ఎవరూ అడగలేదట. రెండోసారి అలా చేయలేదు. పీటీఎస్పీ చెప్పిన మేడమ్ దగ్గరికి రెండు శనివారాలు పోయి కూర్చున్నాను. నాకు ఏం రాదో ఆమెకు తెలుసు. ఆమె రాసిన ఉత్తరంలో నేను మూడో యూనిట్ వదిలేసిన సంగతి కూడా ఉందని తర్వాత చెప్పింది.

రెండో ఎస్ఓపీ మొదటి వాక్యం: "మా నాయన అర మిల్లీమీటరు తేడాతో ఒక ఆప్షన్ పోగొట్టుకున్నాడు." దాని వెనకున్న పని ఆరు వారాలు పట్టింది. మా ఇంట్లో పాత క్యాలెండర్లు పారేయరు. ఒకే మేకుకు ఒకదాని మీద ఒకటి తగిలిస్తారు. పదకొండేళ్లవి దొరికాయి. వాన పడ్డ రోజు నాయన రాసుకున్న గుర్తులు: జల్లు, పదును, ముసురు, పెద్ద వాన. మిల్లీమీటర్లు కావవి. 'పదును' అంటే గొర్రు కట్టేంత తడి. దాన్ని అంకె చేయడం ఎలాగో నాయననే అడిగితే, "బెత్తెడు లోతు తడిస్తే పదును" అన్నాడు. మండలాల వారీ రోజువారీ వాన లెక్కలు ప్రభుత్వమే ఇస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టాను. జూన్‌లో ఉరుములతో పడే వానలకు ఆడకూ ఈడకూ పొంతన లేదు. అక్టోబరులో బంగాళాఖాతం వాయుగుండాల ముసుర్లకు మాత్రం రెండూ దాదాపు కలిసే నడిచాయి. అంటే ఒకే కాంట్రాక్టు విత్తనం దశలో రైతును మోసం చేస్తోంది, కోత దశలో కాపాడుతోంది. ప్రీమియం మాత్రం రెండింటికీ కట్టాలి.

ఇది పెద్ద పరిశోధనేమీ కాదు. పొలం గట్టు మీద ఎవరినడిగినా చెబుతారు. సీటు దీనివల్లే వచ్చిందని రుజువు చేయలేను కూడా. మధ్యలో రెండేళ్ల అనుభవం పెరిగింది, సీ++ నేర్చుకున్నాను. కానీ ఇంటర్వ్యూలో ఇరవై నిమిషాలు క్యాలెండర్ల మీదే నడిచింది. గేజి మీ చేనుకు ఎంత దూరమని అడిగారు. తొమ్మిది కిలోమీటర్లన్నాను. "గేజి మీ చేలోనే పెడితే రిస్కు సున్నా అవుతుందా?" అని అడిగారు. అవుతుందన్నాను. అన్న మరుక్షణం తప్పు తెలిసింది. పంట వాన ఒక్కదానితో పండదు. ఎప్పుడు విత్తాం, నేల ఎర్రదా నల్లదా, పురుగు పట్టిందా, ఇవన్నీ ఉంటాయి. దిద్దుకున్నాను. ఆయన నవ్వి, "మీ నాన్నగారైతే మొదటే చెప్పేవారు" అన్నాడు.

2024 మార్చిలో రెండు చోట్ల నుంచి మెయిల్ వచ్చింది. ఒకటి న్యూయార్క్. ఇక్కడి నుంచే అసలు లెక్క.

ఫీజు, అద్దె, తిండి, హెల్త్ ఇన్సూరెన్స్, అన్నీ కలిపి 16 నెలలకు నాకు తేలింది లక్షా ఇరవై వేల డాలర్లు. డాలరు అప్పుడు 83 రూపాయలు. కోటి. బ్యాంకుకు పోయాం. పదకొండెకరాల పాసు పుస్తకం నాయన సంచిలో తెచ్చాడు. మేనేజరు మర్యాదగానే చెప్పాడు, పొలం మీద ఇంత ఎడ్యుకేషన్ లోను కుదరదని. బాకీ ఎగ్గొడితే బ్యాంకులు కోర్టుకు పోకుండానే ఆస్తి స్వాధీనం చేసుకునేందుకు 2002లో సర్ఫేసీ చట్టం వచ్చింది. వ్యవసాయ భూమికి అది వర్తించదు. రైతును కాపాడడానికి పెట్టిన మినహాయింపే అది. బ్యాంకు బల్ల మీద మాత్రం దాని అర్థం మారిపోతుంది: మా పదకొండెకరాల విలువ సున్నా. ఇల్లు గానీ టౌన్లో స్థలం గానీ కావాలి. గుంతకల్లులో మా మామకు ఇల్లుంది. "పెట్టుకో రా, దానికి అడగడమేంది" అన్నాడు మామ, కాఫీ తాగుతూ.

ఆ రాత్రి మా అవ్వ మూడు ప్రశ్నలడిగింది. "ఎంత? వడ్డీ ఎంత? పంట పోతే ఎవరిల్లు?"

అవ్వకు చదువు రాదు. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే మూడేళ్లకు దాదాపు రెట్టింపు అవుతుందని, ప్రోనోటు మూడేళ్లకు తిరగరాయకపోతే చెల్లదని ఆమెకు తెలుసు. నేను ఎక్సెల్ తెరిచి ఆమె ప్రశ్నలకే జవాబులు వెతికాను. కోటి అసలు, 11 శాతం వడ్డీ, పదేళ్లు: నెలకు దాదాపు లక్షా 38 వేలు. చదివే కాలంలో పెరిగే వడ్డీ దీనిలో లేదు. అమెరికాలో ఉద్యోగం నిలబడితే నాలుగైదేళ్లలో తీరిపోతుంది, సందేహం లేదు. తిరిగొచ్చి బెంగళూరులో ఏడాదికి పాతిక లక్షల జీతానికి చేరాననుకుందాం. ఊళ్లో చెప్పుకుంటే గొప్ప జీతం. పన్ను, పీఎఫ్ పోను చేతికి నెలకు లక్షా డెబ్బై వేలు. కంతు కడితే మిగిలేది ముప్పై రెండు వేలు. ఆ డబ్బుతో బెంగళూరులో అద్దె కట్టి పెళ్లి చేసుకోమంటే పిల్లనిచ్చేవాళ్లు ఆలోచిస్తారు.

అమెరికాలో నిలబడతానా అన్నది వీసా లాటరీ. అక్కడ ఉద్యోగానికి కావాల్సిన హెచ్-1బీ వీసాలు ఏడాదికి 85 వేలు, దానిలో 20 వేలు అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకు. స్టెమ్ (సైన్స్, గణితం తరహా) కోర్సు కాబట్టి ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడే పనిచేసే అనుమతి, మూడేళ్లుంటుంది, ఆ లోపు మూడుసార్లు చీటీ వేయొచ్చు. అప్పటి లెక్కన ఒక్కోసారికి నాలుగింట ఒక వంతు అవకాశం అనుకుంటే, మూడుసార్లూ తప్పే అవకాశం నూటికి 42. మనవాళ్లు "మూడు ఛాన్సులున్నాయి కదా" అంటారే, ఆ మూడు ఛాన్సుల విలువ ఇది. పైగా షరతులు మధ్యలో మారవచ్చు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ పిటిషన్లకు లక్ష డాలర్ల ఫీజని అమెరికా అధ్యక్షుడు ప్రకటించిన రాత్రి నేను చేరాల్సిన క్లాసు వాళ్ల గ్రూపులో మెసేజీలు తెల్లారేదాకా ఆగలేదు. అప్పటికే అక్కడ చదువుతున్నవాళ్లకు అది పడదని తర్వాత తేలింది. ఆ రాత్రి మాత్రం ఎవరికీ తెలియదు.

తాకట్టు లేకుండా డాలర్లలో లోను ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి. మామ ఇల్లు పెట్టనక్కర్లేదని నాకూ ఆశ పుట్టింది. కానీ దాన్ని తిప్పి చూడండి. అమెరికాలో నిలబడితే డాలర్లలో సంపాదించి డాలర్లలో కడతాను, ఇబ్బంది లేదు. తిరిగొస్తే రూపాయల్లో సంపాదించి డాలర్లలో కట్టాలి. డాలరు అప్పుడు 83, 2025 డిసెంబరులో 90 దాటింది. అంటే నాకు కష్టం వచ్చినప్పుడే అప్పు కూడా పెరుగుతుంది. దీన్ని రాంగ్ వే రిస్క్ అంటారు, ఆ కోర్సుల్లోనే పాఠంగా చెబుతారు. రూపాయల లోనుకు ఆ జబ్బు లేదు. ఫీజు కట్టేదాకానే డాలరుతో పేచీ. రెండు లోన్లలో వడ్డీ శాతాలు పోల్చుకునేవాళ్లను చాలామందిని చూశాను. ఏ లోను ఏ రోజున పీక పట్టుకుంటుందో పోల్చినవాళ్లు తక్కువ.

వజ్రకరూరులో తొలకరి పడగానే ఒక తిరనాళ్ల లాంటిది జరుగుతుంది. ఎక్కడెక్కడి నుంచో జనం సద్ది మూటలతో వచ్చి చేలల్లో వంగి వజ్రాలు వెతుకుతారు. కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలిలోనూ అంతే. ప్రతి ఏడాదీ ఎవరికో ఒకరికి దొరుకుతుంది, పేపర్లో ఫోటో పడుతుంది. మిగతావాళ్లు వారం కూలి పోగొట్టుకుని, నడుం నొప్పితో ఇంటికి పోతారు. వాళ్ల ఫోటో ఎవరు వేస్తారు? యూనివర్సిటీలు ఏటా ఇచ్చే ఉద్యోగాల నివేదికను నేను ఆ కళ్లతోనే చదువుతాను. నూటికి ఇంతమందికి ఉద్యోగమని ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో, వివరాలు ఇచ్చినవాళ్లలో, ఉద్యోగం వెతుకుతున్నవాళ్లలో అని ఉంటుంది. వెతకడం మానుకుని విమానమెక్కినవాడు ఏ గడిలోనూ ఉండడు. అదేమీ మోసం కాదు. హారం ఏదో చదువుకోవాల్సింది మనం.

ఇదంతా చెప్పి పోవద్దంటున్నానా? కాదు. నాతోపాటు పనిచేసిన హిందూపురం అమ్మాయి సగం ఫీజు స్కాలర్‌షిప్‌తో వెళ్లింది. ఆమె లెక్కలో తిరిగొచ్చినా ఇల్లు గడుస్తుంది, అందుకే వెళ్లింది, నిలబడింది. పబ్లిక్ యూనివర్సిటీ కింద నడిచే బరూక్ లాంటి చోట ఖర్చు వేరు, లెక్క వేరుగా తేలుతుంది. కలకత్తా ఐఎస్ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్)లో ఎంస్టాట్ అనే స్టాటిస్టిక్స్ మాస్టర్స్‌కు ఫీజు లేకపోగా వాళ్లే స్టైపెండ్ ఇస్తారు. సీటు రావడం న్యూయార్క్ కంటే సులభమని మాత్రం అనుకోవద్దు. నా లెక్కలో తేలింది నాది. నేను గెలిస్తే లాభం నాది, ఓడితే ఇల్లు మామది. ఆప్షన్ నేను కొంటూ ప్రీమియం ఆయనతో కట్టిస్తున్నాను. ఆయన సరేనన్నాడు కదా అని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. ధర తెలియకుండా అన్న సరే అది.

వెళ్లి ఉంటే 2025 డిసెంబరులోనే కోర్సు అయిపోయేది. కొన్ని రాత్రులు ఆ క్లాసు ఫోటోలు చూస్తూ, నేను వాడుకోకుండా వదిలేసిన దానికీ ఒక ధర ఉంది కదా, ఎక్సెల్‌లో ఆ గడి ఎందుకు పెట్టలేదని అనుకుంటాను.

చెల్లెలికి మర్నాడు ఫోన్ చేశాను. కరువు ఒడి తీసేయమన్నాను. అలిగింది. "మరేం రాయాలి? అది నిజం కదా?" అంది. నిజమే, ఎన్ని మిల్లీమీటర్ల నిజమని అడిగాను. కాసేపు మాట లేదు. తర్వాత, "పెద్నాయన క్యాలెండర్లు ఇంకా ఉన్నాయా?" అంది. అవి నావి, నువ్వు వేరే ఏదైనా వెతుక్కో అన్నాను. వినలేదు. అప్పటికప్పుడు నాయనను కూడా కాల్‌లో కలిపింది.

నాయనకు ఉత్సాహం వచ్చేసింది. పంతొమ్మిదో రోజు కథ మళ్లీ మొదటి నుంచీ చెప్పాడు. ఆడ 3, ఈడ 0. ఆమె మొత్తం విని, ఆ గేజి యాడుంది, ఆఫీసు కాంపౌండులోనేనా, పక్కన ఏమున్నాయని అడిగింది. ఒక వేపచెట్టుందని నాయన చెప్పాడు.

"ఎంత దూరంలో పెద్నాయనా? చెట్టు గాలివాటున ఉంటే గేజిలో తక్కువ పడుతుంది. అట్లైతే ఆ పొద్దు నిజంగా 3 కంటే ఎక్కువే పడిందేమో. మిగతా రోజుల్లో రెండున్నర పడినా రెండే చూపించిందేమో."

ఈ ప్రశ్న నాకు ఎప్పుడూ తట్టలేదు. ఆరు వారాలు కూర్చున్నాను, ఇంటర్వ్యూలో ఇరవై నిమిషాలు మాట్లాడాను. ఒక్కసారైనా ఆ కాంపౌండులోకి పోయి చూడలేదు.

ఫోన్లో నాయన గొంతు సవరించుకున్నాడు. "రేపు పొద్దున ఉరవకొండకు పోయే పనుంది పాపా. పోతా పోతా ఆడ ఆగి అడుగులేసి చూసొస్తాలే."